ఓడితే ఓడారు, మాకో మాట చెప్పరా?

మా అమ్మాయి స్కాట్లాండ్‌లోని లార్బర్ట్‌లో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్లినప్పటి నుంచి నేను ఆ పక్క ఊరి ఫుట్‌బాల్ క్లబ్ స్టెన్‌హౌస్‌మ్యూర్‌కు అభిమానిని. కిందటి సంచికలో ఒక జవాబు మధ్యలో ఈ సంగతి రాశాను. అది చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అక్కడ చదువుకునో, ఉద్యోగం చేసో ఇలాంటి చిన్న క్లబ్బుల మీద మనసు పారేసుకున్న మన సీమ పిల్లలు కొందరు, వాళ్ల అమ్మానాన్నలు కొందరు. అన్నింటిలోనూ బాధే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.
– రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం

సార్, మా అబ్బాయి స్టిర్లింగ్‌లో ఎమ్మెస్ చేసి వచ్చాడు. ఇప్పుడు ఇక్కడే ఉద్యోగం. శనివారం రాత్రి అయితే చాలు, స్టిర్లింగ్ ఆల్బియన్ అంటూ ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. అది ఓడిపోతే అన్నం ముట్టడు. గెలిచే టీమ్‌నే చూడొచ్చు కదరా అంటే కసురుకుంటాడు. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, తాడిపత్రి

అమ్మా, ఆ మాట మాత్రం వాడితో ఇంకెప్పుడూ అనకండి. గెలిచే టీమే కావాలంటే సెల్టిక్, రేంజర్స్ ఉండనే ఉన్నాయి. 1986 నుంచి 2025 దాకా ప్రతి ఏడూ అక్కడి లీగ్ టైటిల్ ఆ రెండింట్లో ఒకదానికే దక్కింది. మీవాడికి ఆ సంగతి తెలియక కాదు.

అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో 42 క్లబ్బులు. పైన ప్రీమియర్‌షిప్‌లో 12, దాని కింద చాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూల్లో పదేసి. అట్టడుగు రెండు అంచెల్లో చాలా మ్యాచ్‌లకు వచ్చేది కొన్ని వందల మందే. నేను స్టెన్‌హౌస్‌మ్యూర్ వాళ్ల ఆకిల్‌వ్యూ మైదానంలో మ్యాచ్ చూశాను. అక్కడ గోల్‌కీపర్ తన డిఫెండర్‌ను తిట్టే తిట్టు కూడా మనకు వినిపిస్తుంది. అది కృత్రిమ గడ్డి. బంతి బలంగా పడ్డ చోటల్లా నల్లటి రబ్బరు పొడి లేస్తుంది. డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి ఇంటర్వెల్‌కల్లా ఫ్లడ్‌లైట్లు వెలుగుతుంటాయి. లోపల మటన్ కూరిన వేడి వేడి ‘పై’ చేతిలో పెట్టుకుని పక్కాయన నన్ను ‘ఏ ఊరు మీది’ అని అడిగాడు. అనంతపురం అన్నాను. రెండో సగమంతా ఏ ఆటగాడు ఎలాంటివాడో నాకు విడమరిచి చెబుతూనే ఉన్నాడు.

ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్లవాడికి శనివారం మధ్యాహ్నం అలాంటి పలకరింపు దొరికి ఉంటుంది. దాన్ని వాడు ఎలా వదులుకుంటాడు చెప్పండి. చలికాలంలో మ్యాచ్ మన టైము ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ఏడున్నరకే అన్నం పెట్టేయండి. అయిపోయాక స్కోరెంత అని అడగండి. ఓడారని చెబితే ‘ఎందుకు ఓడారు’ అని అడగండి. చెప్పడానికి వాడి దగ్గర చాలా ఉంటుంది.

అక్కడి మా క్లబ్ మ్యాచ్‌లు లైవ్ చూద్దామని ఆన్‌లైన్ పాస్ కొన్నాను. ఒకసారి మ్యాచే వాయిదా పడింది, ఇంకోసారి మొదటి సగం అయిపోయాక గానీ నాకు మ్యాచ్ మొదలైనట్టు తెలియలేదు. కెమెరా కూడా బంతి ఒక పక్క ఉంటే తాను ఇంకో పక్క చూస్తుంది. పైగా అక్కడున్న నా ఫ్రెండ్‌కు అసలు లైవే రాదట. ఇదంతా ఏమిటి?
– కె.ఎస్., ఆదోని

నాయనా, ఫ్రెండ్ సంగతి ముందు చెబుతాను. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు లైవ్ ఇవ్వకూడదని నియమం ఉంది. ఇంట్లో కూర్చుని పెద్ద మ్యాచ్ చూస్తూ జనం చిన్న మైదానాలకు రావడం మానేస్తారని ఆ కట్టడి. మంచి నియమమే. అది విదేశాలకు వర్తించదు కాబట్టి చాలా క్లబ్బులు మనలాంటి వాళ్లకు పాస్ అమ్ముకుంటాయి.

అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పేది అక్టోబర్ ఆఖరి ఆదివారం. అప్పటిదాకా వాళ్ల మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకు రాత్రి ఏడున్నరకు, ఆ తర్వాత ఎనిమిదిన్నరకు. మార్చి ఆఖరి ఆదివారం మళ్లీ ఏడున్నరకు వస్తుంది. మంగళవారం రాత్రి ఏడూ నలభై ఐదు మ్యాచ్ అయితే చలికాలంలో మనకు ఒంటిగంట దాటి పావుగంట. మీ మొదటి సగం పోయింది ఈ లెక్కలోనే.

కెమెరా విషయంలో మీ కోపం న్యాయమే. ఒక్క కెమెరాతో, చాలాచోట్ల జీతం లేని వలంటీర్లతో నడిచే వ్యవహారం అది. 2020 అక్టోబర్‌లో ఇన్వర్నెస్ మైదానంలో మనిషి లేకుండా తనంతట తానే బంతిని వెంబడించే కెమెరా పెట్టారు. అది మాటిమాటికీ బంతిని వదిలేసి లైన్స్‌మన్ బట్టతలను పట్టుకుంది. దూరం నుంచి డబ్బు కట్టి చూసేవాళ్లు ఆట సరిగా చూడలేకపోయారు.

వాయిదాలు మాత్రం వాతావరణం పని. నేల గడ్డకట్టినా, నీళ్లు నిలిచినా రిఫరీ వచ్చి చూసి ఆపేస్తాడు. 1979లో ఇన్వర్నెస్ థిసిల్, ఫాల్కిర్క్ కప్ మ్యాచ్ 29 సార్లు వాయిదా పడి అప్పటికి గానీ జరగలేదు. డిసెంబర్, జనవరి నెలల్లో పాస్ ముందే కొనకండి. మైదానం పరీక్ష ఎక్కువగా వాళ్ల పొద్దున, అంటే మన మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో అవుతుంది. సాయంత్రం ఆరు దాకా ఆగి, మ్యాచ్ ఉందని క్లబ్ ప్రకటించాక కొనండి. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వమని మర్యాదగా మెయిల్ రాయండి. నన్ను బాధపెట్టేదల్లా ఒక్కటే. మ్యాచ్ లేదని తేలిన వెంటనే రెండు ముక్కల్లో చెప్పడానికి ఎవరికీ ఖర్చు కాదు. అదీ చెప్పకపోతే ఎలా?

మా టీమ్‌లో బాగా ఆడే కుర్రాడు జనవరి రాగానే మాయమైపోతున్నాడు. ప్రతి ఏడూ ఇదే. మళ్లీ జూన్‌లో టీమ్ మొత్తం కొత్త ముఖాలే. ఎవరి పేరు రాసిన జెర్సీ కొనుక్కోవాలి?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

పేరు లేని జెర్సీ కొనుక్కో బాబూ. ఆ కుర్రాడు మీవాడు కాదు, పై క్లబ్ నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్లకని అప్పుగా వచ్చినవాడు. బాగా ఆడితే జనవరిలో వెనక్కి పిలిపించుకుంటారు. బాగా ఆడకపోతే మీ దగ్గరే ఉంటాడు. కింది క్లబ్బులకు ఇందులో ఎటు చూసినా నష్టమే. మిగతావాళ్లలో చాలామందివి ఏడాది ఒప్పందాలు. వాళ్లకు పగలు వేరే ఉద్యోగాలుంటాయి. సాధారణంగా వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీస్, శనివారం మ్యాచ్. ఉత్తరాన ఎల్గిన్ నుంచి దక్షిణాన స్ట్రాన్‌రార్ దాకా బస్సులో వెళ్లాలంటే నాలుగు వందల కిలోమీటర్లు. అనంతపురం నుంచి హైదరాబాద్ దాటినంత దూరం. పోయి, ఆడి, అదే రాత్రి వెనక్కి రావాలి. ఆ ఆటగాళ్ల మీద నాకు గౌరవమే గానీ కోపం లేదు.

జట్టు ఇలా ఏడాదికోసారి విడిపోతుంటే ఏమవుతుందో బ్రీకిన్ సిటీని చూస్తే తెలుస్తుంది. దాదాపు ఏడు వేల జనాభా ఉన్న ఊరు. మైదానానికి ఒక పక్క గోడకు బదులు పచ్చటి చెట్ల కంచె ఉంటుంది, చూడముచ్చటగా. 2017లో పై అంచెకు చేర్చే ప్లేఆఫ్ పోటీ గెలిచి చాంపియన్‌షిప్‌కు ఎక్కారు. ఆ సీజన్‌లో 36 మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు. నాలుగు డ్రా, 32 ఓటమి. మరుసటి ఏడు కూడా కిందికి దిగారు. 2021కల్లా లీగ్ నుంచే బయటికి వెళ్లిపోయారు. ఆ 36 మ్యాచ్‌లకూ వెళ్లి చూసినవాళ్లున్నారు. వాళ్లను తలచుకుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

లీగ్ టూలో చిట్టచివర వస్తే ఏమవుతుంది? ఇంకా కిందికి ఏముంది?
– ఎం.వి., నంద్యాల

చాలా ఉంది. ఒకప్పుడు చివర వచ్చినా ఏమీ అయ్యేది కాదు. 2015 నుంచి ఆఖరి జట్టు, కింది ప్రాంతీయ లీగుల నుంచి గెలిచి వచ్చిన జట్టుతో రెండు మ్యాచ్‌లు ఆడాలి. ఓడితే బయటికే. ఈస్ట్ స్టిర్లింగ్‌షైర్ 2016లో, బెరిక్ రేంజర్స్ 2019లో, బ్రీకిన్ 2021లో, కౌడెన్‌బీత్ 2022లో, ఆల్బియన్ రోవర్స్ 2023లో అలా వెళ్లాయి. 2025 దాకా ఒక్కటీ తిరిగి రాలేదు. వీటిలో బెరిక్ 1967లో రేంజర్స్‌నే 1-0తో ఓడించిన క్లబ్. కింది ఊళ్లవాళ్లకూ పైకి వచ్చే దారి ఉండాలి కాబట్టి నేను ఈ పద్ధతిని తప్పు పట్టను. ఏప్రిల్ వచ్చిందంటే ఆ టెన్షన్ మాత్రం పగవాడికి కూడా వద్దు.

నా కోపం ఓడిపోతున్నందుకు కాదు. డైరెక్టర్లు ఏ నిర్ణయమైనా మాకు చెప్పకుండా తీసుకుంటారు. అడిగితే జవాబుండదు. ఇంత దూరంలో కడపలో కూర్చున్న నా కోపానికి విలువేమైనా ఉందా అని మా ఆవిడ అడుగుతోంది. మీరేమంటారు?
– ఆర్.పి., కడప

ఉంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మీదే అసలు ప్రశ్న.

ఇన్వర్నెస్ కాలెడోనియన్ థిసిల్ 2015లో స్కాటిష్ కప్ గెలిచింది. 2024లో మూడో అంచెకు పడిపోయింది. ఆ వెంటనే ఖర్చు తగ్గించాలంటూ జట్టు శిక్షణను రెండు వందల కిలోమీటర్ల దూరంలోని కెల్టీకి మారుస్తామని యాజమాన్యం ప్రకటించింది. ఇన్వర్నెస్ జట్టు ఇన్వర్నెస్‌లో ఉండదట! అభిమానులు మండిపడ్డారు. ఆ ప్రణాళికను వెనక్కి తీసుకోక తప్పలేదు. అయినా అదే ఏడాది అక్టోబర్‌లో క్లబ్ అప్పుల్లో మునిగి అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా అధికారి చేతిలోకి వెళ్లింది, 15 పాయింట్లు కోశారు. పరిస్థితి ఇంతదాకా వచ్చిందని ముందే ఊరిని కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది కదా.

2020 కూడా చూడండి. కరోనాతో ఆట ఆగేనాటికి పార్టిక్ థిసిల్ చాంపియన్‌షిప్‌లో అట్టడుగున ఉంది. పై జట్టుకు రెండే పాయింట్ల దూరం, ఒక మ్యాచ్ ఇంకా చేతిలో ఉంది. క్లబ్బుల ఓటుతో సీజన్‌ను అక్కడికి ముగించి వాళ్లను కిందికి పంపారు. కోర్టుకు వెళ్లినా ఫలితం మారలేదు. మైదానంలో ఓడితే గుండె రాయి చేసుకోవచ్చు. ఆడకుండానే ఓడామని కాగితం వస్తే దాన్ని ఎవరి మీద తీర్చుకోవాలి?

ఈ బాధ నాకు కొత్త కాదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి పిల్లల్ని జిల్లా పోటీలకు తీసుకెళితే, వేదిక మారిందని ఎవరూ చెప్పలేదు. ఖాళీ మైదానం చూసి పిల్లలు నా ముఖం చూశారు. ఓడి వచ్చిన రోజుల్లో కూడా వాళ్ల కళ్లు అలా లేవు. నిర్వాహకులకు మేము లెక్కలో లేమని వాళ్లకు ఆ రోజు అర్థమైపోయింది.

ఇక మీరు చేయగలిగింది. 2010లో స్టిర్లింగ్ ఆల్బియన్‌ను దాని అభిమానుల ట్రస్టే కొనుక్కుంది. మామూలు జనం తలా కొంత వేసుకుని చేసిన పని. చాలా క్లబ్బులకు ఇప్పుడు అభిమానుల ట్రస్ట్ గానీ సంఘం గానీ ఉంది. మీ క్లబ్‌కు ఉంటే సభ్యత్వం తీసుకోండి. సభ్యుడిగా సర్వసభ్య సమావేశానికి ముందే ప్రశ్న రాసి పంపండి. కోపం అంతా గుమ్మరించకండి, ఒకే ప్రశ్న అడగండి: ఈ ఏడు అప్పు ఎంత, వచ్చే ఏడు మేనేజర్ ఎవరు, అలాంటిది. సూటిగా అడిగిన ప్రశ్న నుంచి తప్పించుకోవడం కష్టం. దూరం సంగతంటారా, మా స్టెన్‌హౌస్‌మ్యూర్‌కు నార్వేలో అభిమానుల సంఘం ఉంది. వాళ్లు సముద్రం దాటి వచ్చి మ్యాచ్‌లు చూసి వెళతారు. వాళ్లను దూరపువాళ్లని ఎవరూ పక్కన పెట్టలేదు. మీ ఆవిడకు ఇది చదివి వినిపించండి.

మీ టీమ్ ఎప్పుడైనా గెలిచిందా సార్?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, ధర్మవరం

గెలిచింది తల్లీ. 1884లో పుట్టిన క్లబ్. 140 ఏళ్లకు, 2024లో, లీగ్ టూ చాంపియన్లయ్యాం. మా మొట్టమొదటి లీగ్ టైటిల్ అది. మా అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పక్క ఊరి ఫాల్కిర్క్ అదే ఏడు లీగ్ వన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా చాంపియన్ అయింది, పేపర్లన్నీ వాళ్ల గురించే రాశాయి. పోనీలే, ఆ రోజు మాకు పేపర్ అవసరం లేకపోయింది.

నేను అనంతపురంలో ఆర్డీటీ మైదానంలో ప్రాక్టీస్ చేస్తాను. మిడ్‌ఫీల్డర్‌ని. స్కాట్లాండ్ కింది లీగుల్లో అవకాశం వస్తుందా?
– ఎస్.బి., 17 ఏళ్లు, అనంతపురం

ఉన్నదున్నట్టు చెబుతాను, ఏమనుకోకు. విదేశీ ఆటగాడికి వీసా రావాలంటే ముందు అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఆమోదం కావాలి. జాతీయ జట్టుకు ఎన్ని మ్యాచ్‌లు ఆడావు, ఏ స్థాయి లీగ్‌లో ఆడావు అని చూసి ఇస్తారు. ఈ వయసులో నీకు అది దొరకదు. అవకాశం ఇప్పిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లకు రూపాయి కూడా ఇవ్వకు. ముందు రాష్ట్ర జట్టుకు ఆడు, డిగ్రీ మానకు. పై చదువుకు అక్కడికి వెళితే విశ్వవిద్యాలయాల జట్లున్నాయి, సరదాగా ఆడుకోవచ్చు. ఈలోగా మంగళవారం సాయంత్రం మైదానానికి రా, నేను అక్కడే ఉంటాను. నీ ఎడమ కాలు ఎలా ఉందో చూద్దాం.