అత్తయ్యగారు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం లేదు

ప్రశ్న: నాకు పుట్టుకతోనే చూపు లేదు. వయసు 28 ఏళ్లు. హాస్టల్లో ఉండి చదువుకున్నాను, 5 ఏళ్లుగా బ్యాంకులో క్లర్కుగా పనిచేస్తున్నాను. 8 నెలల క్రితం పెళ్లయింది. మావారు చూపున్నవారే, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. గుడివాడలో అత్తమామలతో కలిసి ఉంటున్నాం. అత్తయ్యగారు చాలా మంచివారు, కానీ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వరు. "నువ్వు కూర్చో తల్లీ, నేనున్నానుగా" అంటారు. అన్నం కూడా కలిపి చేతికిస్తారు. నలుగురూ చూస్తారని మావయ్యగారు వీధిలో తెల్లకర్ర పట్టుకోవద్దన్నారు. కిలోమీటరు దూరంలో ఉన్న బ్యాంకుకు మావారే బండి మీద దింపుతారు, ఆయన ఊళ్లో లేనిరోజు నేను సెలవు పెట్టాలి. ఏమన్నా అంటే "అమ్మ బాధపడుతుంది, సర్దుకో" అంటారు. నిజానికి నాకు వంట సరిగా రాదు, పుట్టింట్లోనూ ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు నాకు నాలుగో నెల. బిడ్డ పుట్టాక కూడా నన్నిలాగే కూర్చోబెడతారేమోనని భయంగా ఉంది. ఎవరినీ నొప్పించకుండా నా పనులు నేను చేసుకునే దారి చెప్పండి. పోపుల డబ్బాలో ఏది ఎక్కడుందో ఎలా గుర్తుపట్టాలన్నది మరో చిన్న సందేహం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటను మీరు చివర్లో దాచినట్టుగా రాశారు. వంట సరిగా రాదన్న ఆ మాట లేకపోతే, అడ్డుపడుతున్నారు కాబట్టి తప్పు అత్తగారిదేనని నేను కూడా తేల్చేసేదాన్నేమో. మీ అమ్మగారు భయపడి నేర్పలేదు, హాస్టల్లో వంటింటి గడప తొక్కే అవసరం రాలేదు, ఇప్పుడు అత్తగారూ భయపడుతున్నారు. చూపు లేని మనిషి పొయ్యి వెలిగించి వంట చేయడం ఆవిడ తన జన్మలో చూసి ఉండరు, మీరూ చేసి చూపించలేదు. పొయ్యి దగ్గర మిమ్మల్ని తలుచుకున్నప్పుడు ఆవిడకు కనిపించేవి మంటా, మీ చీర కొంగూ మాత్రమే. అటువంటి భయం ఎంత చెప్పినా పోదు, పని జరుగుతుంటే చూసినప్పుడే తగ్గుతుంది. కనుక ముందు పని నేర్చుకోండి. ఆ తరువాత వాదించవలసిన అవసరం మిగలకపోవచ్చు.

మరొక సంగతి. మీ కష్టంలో సగానికి చూపుతో సంబంధం లేదు. అత్తగారూ కొత్త కోడలూ ఒకే వంటింట్లో మసిలే ఏ ఇంట్లోనైనా ఉప్పు డబ్బా ఎక్కడ ఉండాలన్న దగ్గర ఒక పేచీ మొదలవుతుంది. కళ్లున్న కోడళ్లు నాకు రాసే ఉత్తరాల్లోనూ ఈ డబ్బాల గొడవకు కొదవ లేదు. ఏళ్ల తరబడి తన చేతికి అలవాటుపడిన వంటింటిని ఇంకొకరికి వదలడం ఏ అత్తగారికీ సులువు కాదు, మీ విషయంలో ఆ వదలలేకపోవడానికి "పాపం, కనబడదు కదా" అన్న మర్యాదైన కారణం ఒకటి దొరికింది. డబ్బా చోటు మారితే మిగతా కోడళ్లు విసుక్కుంటూ వెతుక్కుంటారు, మీకు మాత్రం పనే ఆగిపోతుంది. అందుచేత వంటిల్లంతా అడగకండి. "అత్తయ్యా, పొయ్యికి కుడివైపు ఆ ఒక్క అర నాకివ్వండి, అందులో పెట్టినవి మాత్రం ఎవరూ కదపవద్దు" అని అడగండి. ఒక్క అర ఇవ్వడానికి కాదనే అత్తగారు ఉండరు, దాంట్లోంచి మీరు వారం రోజులపాటు తడబడకుండా వస్తువులు తీసి ఇస్తుంటే రెండో అర అడగడం కష్టం కాదు.

నేర్చుకునే చోటు మీకు దగ్గరలోనే ఉంది. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చికిత్సతో ఆగిపోకుండా, చూపు తిరిగిరానివారికి రోజువారీ పనులూ తెల్లకర్రతో నడకా నేర్పే పునరావాస సేవలు కూడా అందిస్తోంది. విజయవాడ పక్కన తాడిగడపలో ఆ సంస్థకు ఆసుపత్రి ఉంది. ముందుగా ఫోన్ చేసి, వంటింటి పనులూ నడకా రెండూ నేర్పుతారా, ఎన్ని రోజులు రావాలి అని కనుక్కోండి. మీ డాక్టరుగారితో ఒక మాట చెప్పి, ఒళ్లు బరువెక్కకముందే ఈ రెండు నెలల్లో పూర్తి చేసుకోవడం మంచిది. మొదటిరోజు అత్తగారిని తప్పకుండా వెంటబెట్టుకు వెళ్లండి, ఎందుకంటే నేను రాసే పది పేజీలకన్నా అక్కడ ఒక అమ్మాయి ఎవరి సాయమూ లేకుండా టీ కాచి గ్లాసుల్లో పోయడం ఆవిడ కళ్లారా చూడడం ఎక్కువ పని చేస్తుంది. ఒక్క రోజు కళ్లకు గంతలు కట్టుకుని చూడండని మాత్రం ఆవిడతో అనకండి. చాలామంది ఈ సలహా ఇస్తారు గానీ, గంతలు కట్టుకున్నవాళ్లకు తెలిసేది మొదటిరోజు బెదురు ఒక్కటే, మీకు 28 ఏళ్లుగా ఉన్న నేర్పు తెలియదు. ఆవిడ భయం రెట్టింపవుతుంది.

ఈలోగా ఇంట్లో మంట అక్కరలేని పనులు పట్టుకోండి. అత్తగారు ఎసరు ఎలా కొలుస్తారో ఒకసారి అడిగి చూడండి. బియ్యం మీద వేలు ఆనించి, నీళ్లు కణుపు దాకా వచ్చాయో లేదో చూసుకునే పాత కొలత ఆవిడకు తెలిసే ఉంటుంది. ఆ కొలతకు కళ్లతో ఎన్నడూ పని లేదు. ఎలక్ట్రిక్ కుక్కరులో అన్నం అయిపోగానే మీట టక్కుమని పైకి లేస్తుంది, కనుక ఇంట్లో అన్నం వండే పని ఈ వారం నుంచే మీది కావచ్చు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి వరుస మార్చకూడదు: కొంగు నడుముకు దోపుకోవాలి, వెలిగించకముందే గిన్నెను బర్నరు మీద ఉంచి చేత్తో నాలుగువైపులా తడిమి నడిమధ్యన కూర్చుందో లేదో చూసుకోవాలి, ఆ తరువాతే లైటరు నొక్కాలి, వెలిగాక గిన్నె కోసం తడుముకోకూడదు. నూనె కాగిందా లేదా అన్నది ఒక్క ఆవగింజ వేస్తే అదే చెబుతుంది. ఆవాలు చిటపటలాడి, ఆ చప్పుడు సన్నగిల్లే సమయానికి మినప్పప్పు, అది వేగిన కమ్మటి వాసన తగలగానే కరివేపాకు. కళ్లున్నవాళ్లు కూడా పక్కగదిలోంచి పోపు మాడుతోందని కేక వేసేది ముక్కుతోనే కదా. పాలు పొంగడం ఒక్కటే కాస్త ఇబ్బంది, దానికి ఈల వేసే పాల కుక్కరు కొనుక్కోండి. మంట ఉండదు కదా అని ఎవరైనా ఇండక్షన్ స్టవ్ కొనిపెడతామంటే, అద్దంలా నున్నటి టచ్ పలకది వద్దనీ, నొక్కితే కిందికి దిగే బటన్లున్నది తెమ్మనీ చెప్పండి. మొదట్లో చేతులు కాలవా అంటే, ఒకటి రెండుసార్లు చుర్రుమంటాయి. అత్తగారి ముంజేతిని ఒకసారి తడిమి చూడండి, పాత నూనె చుక్కల మచ్చలు రెండైనా ఉండకపోవు.

వీటన్నిటికన్నా ముందు ఆపవలసింది అన్నం కలిపి ఇవ్వడం. మిగతావి నెలల మీద మారినా ఫరవాలేదు, ఇది మాత్రం ఈ వారమే మారాలి. కలిపి పెట్టిన అన్నం తినే మనిషిని ఇంటికి వచ్చినవాళ్లు పసిపిల్లలాగే చూస్తారు, మీ ఎదుటే అత్తగారిని "ఆవిడ కారం తింటుందా?" అని అడుగుతారు. విస్తరిలో ఏది ఎక్కడ వడ్డించాలన్నదానికి మన పెద్దవాళ్లకు ఎలాగూ ఒక వరస ఉంది కాబట్టి, కూర, పచ్చడి, పప్పు రోజూ కంచంలో ఒకే చోట వేయమని అడిగితే చాలు, మిగతాది మీ వేళ్లు చూసుకుంటాయి. మందులూ మీరే వేసుకోండి. ఐరన్ మాత్రల అట్టకు రబ్బరు బ్యాండు చుట్టి, కాల్షియం అట్టను వదిలేస్తే రెండూ కలగలిసిపోవు, ఆ రెండింటినీ ఒకే పూట వేసుకోకూడదు కూడా. చీరకూ దాని జాకెట్టుకూ కలిపి ఒక పిన్నీసు పెట్టుకుంటే జత తప్పదు. అయితే పండగ పూట ఏ చీర కట్టుకోవాలో అత్తగారు తీసి ఇస్తే ఇవ్వనివ్వండి, అది మీ స్వేచ్ఛకు అడ్డు కాదు.

ఇక కర్ర. మావయ్యగారి మాట వెనక మీ మీద చిన్నచూపు ఉందని నేననుకోను; మన ఊళ్లలో కర్ర అంటే ముసలితనమో యాచనో గుర్తుకు వస్తుంది, తన కోడలిని ఎవరూ ఆ కంటితో చూడకూడదన్నది ఆయన బాధ. కానీ తెల్లకర్ర ఊతకర్ర కాదు. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోగొట్టుకున్న అమెరికా సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అనే ఆయన 1940లలో రూపొందించిన పద్ధతే నేటికీ నేర్పుతున్నారు: రొమ్ము ఎముక దాకా వచ్చే పొడవు, భుజాలకన్నా కొంచెం వెడల్పుగా ఊపు, ఎడమకాలు పడేటప్పుడు కర్ర మొన కుడివైపు నేలను తాకడం, అంటే తరువాతి అడుగు పడబోయే చోటు ముందే తెలియడం. మూత లేని మురుగుకాలువ అంచు, ఇంటి ముందు పోసిన ఇసుక కుప్ప, అడ్డంగా నిలబెట్టిన మోటారు సైకిలు చక్రం దానికి దొరుకుతాయి. తలఎత్తున వేలాడే తీగా, లారీ అద్దమూ దొరకవు, ఆ జాగ్రత్త నడక నేర్పేవారు చెబుతారు. ఆయనతో వాదించకుండా, "మావయ్యా, ఆదివారం పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు నా వెనక పది అడుగుల దూరంలో నడవండి, నేను పడిపోతాననిపిస్తేనే పిలవండి" అని అడగండి. పిండిమర చప్పుడు, టీ కొట్టు వాసన, గుడి మలుపు, ఇలా మీరు గుర్తులు పెట్టుకుంటూ బ్యాంకు మెట్లు ఎక్కడం ఆయన నాలుగు ఆదివారాలు చూస్తే, ఊళ్లోవాళ్ల చూపులకు జవాబు ఆయనే చెప్పుకుంటారు. బండి నడిపేవాళ్లు దూరం నుంచే ఆ తెలుపు చూసి జాగ్రత్తపడే వీలుంటుందన్న మాట కూడా ఆయన చెవిన వేయండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, మిగతావారితో సమానంగా సమాజంలో బతికే హక్కు అందులో స్పష్టంగా రాసి ఉంది. కానీ ఇంట్లో ఆ మాట ఎత్తకండి. ఆఫీసుల్లో పనికొచ్చే ఆయుధం భోజనాల దగ్గర పనికిరాదు.

మీవారి గురించి నాకు కొంచెం కోపంగానే ఉంది. సర్దుకోమనడం ఆయనకు సులువు. తల్లి మనసు నొప్పించలేకపోవడం మంచి గుణమే అయినా, రోజూ బండి మీద దింపి, తాను ఊళ్లో లేనిరోజు భార్య చేత సెలవు పెట్టించేవాడు తెలియకుండానే ఆమె ఉద్యోగాన్ని తన వీలుకు కట్టేస్తున్నాడు. అత్తగారితో ఆ అర సంగతి మొదట ఎత్తవలసింది ఆయనే, మీరు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఆవిడను కబుర్లలో పెట్టి అవతల కూర్చోబెట్టవలసిందీ ఆయనే. ఈ రెండు పంక్తులు ఆయన చేత చదివించుకోండి.

బిడ్డ విషయంలో మీ భయాన్ని తీసిపారేయలేను, ఇప్పుడు మీరు ఊరుకుంటే అప్పుడు తప్పకుండా అలాగే జరుగుతుంది. పురిటి తరువాత అత్తగారో అమ్మగారో స్నానం పోయడం అందరి ఇళ్లలోనూ ఉన్నదే, దానికి చిన్నబుచ్చుకోకండి. పాలివ్వడం, గుడ్డలు మార్చడం, నిద్రపుచ్చడం మాత్రం మొదటిరోజు నుంచి మీ చేతుల మీదే జరగాలి. మందు కొలవడానికి సీసా మూత వద్దు, సూది లేని సిరంజి తీసుకుని, డాక్టరు చెప్పిన మోతాదు దగ్గర, వెనక్కి లాగే కాడ మీద చిన్న గాటు పెట్టించుకుంటే వేలికే తెలుస్తుంది, మోతాదు మారినప్పుడల్లా గాటు కొత్త సిరంజికి పెట్టించుకోవాలి. పాకే వయసు వచ్చాక కాళ్లకు మువ్వల పట్టీలు పెట్టండి. కళ్లున్న తల్లులూ వాటిని ముచ్చటకు మాత్రమే పెట్టలేదు, వంటింట్లో ఉండగా బిడ్డ ఎటు పోతోందో చెవికి తెలియడానికే పెట్టారు.

పోపుల డబ్బాకు వస్తే, అందులోవి వేళ్లకు తేలిగ్గానే తెలుస్తాయి: ఆవాలు గుండ్రం, జీలకర్ర పొడవు, మెంతులు పలకలుగా గట్టిగా ఉంటాయి, పసుపు మెత్తటి పొడి కాబట్టి అందులో పొడవు కాడ ఉన్న చెంచా వేసుకోండి, కారానికి పొట్టి చెంచా. చిక్కంతా డబ్బా గుండ్రంగా ఉండటంలో ఉంది, దానికి ముందూ వెనకా లేవు, ఎవరైనా తీసి తిప్పి పెడితే గిన్నెల వరసంతా తారుమారవుతుంది. అంచు మీద బయటివైపు ఒకచోట ఎం-సీల్ (ఆరితే రాయిలా గట్టిపడే అతుకు ముద్ద) శనగగింజంత అంటించి ఆరనివ్వండి. డబ్బా తీయగానే ఆ బొడిపె మీ వైపుకు వచ్చేలా తిప్పుకుని, దానికి ఆనుకుని ఉన్న గిన్నెలో ఎప్పుడూ ఆవాలే పోయమని అత్తగారికి చెప్పండి.