తక్కువ ధర మల్టీస్కేల్ బాస్ కొనొచ్చా? ఏటవాలు ఫ్రెట్లు చేతికి కష్టమా?

కొనండి. ఫ్రెట్లు (నెక్ మీది లోహపు పట్టీలు) ఏటవాలుగా ఉన్నాయని భయపడాల్సిన పనే లేదు.

మీ ఐదు తీగల బాస్ గిటార్‌లో అడుగు బి స్ట్రింగ్ ఏ స్వరమో తెలియకుండా గుయ్యిమంటోందన్నారు. బడ్జెట్‌లో వచ్చే మల్టీస్కేల్ (ఒక్కో తీగకు ఒక్కో పొడవు ఉండే బాస్) కొంటే ఆ బాధ తీరుతుందా, మామూలు ఫ్రెట్లకు అలవాటైన చెయ్యి దానికి కుదురుతుందా అని అడిగారు. "ముందు ఉన్నదాని మీద ప్రాక్టీస్ చెయ్యి, వాద్యంలో ఏముంది, అంతా వేళ్లలోనే ఉంది" అని కొందరు సలహా ఇస్తుంటారు. ఆ మాట అనేవాళ్లు బి స్ట్రింగ్ మూడో ఫ్రెట్ నొక్కి, ఎదురుగా మండపం నిండా జనం ఉండగా, ఆ స్వరం ఎటు పోయిందా అని వెతుక్కుని ఉండరు. నేను తిరుపతిలో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బాస్ వాయిస్తాను కాబట్టి ఆ బాధ నాకు బాగా తెలుసు.

మా వైపు ఆ అడుగు స్ట్రింగ్ లేకపోతే పని జరగదు. పాట రికార్డులో ఏ శ్రుతిలో ఉన్నా సరే, ఏడింటికి మొదలుపెట్టిన ప్రోగ్రాం పది దాటేసరికి పాడేవాళ్ల గొంతు అలసిపోతుంది. గాయకుడు వెనక్కి తిరిగి "అన్నా, ఒక శ్రుతి దించు" అంటాడు. కీబోర్డు అన్న ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతాడు, అక్కడితో ఆయన పని అయిపోతుంది. గిటార్ వాయించే అతను కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) మార్చుకుంటాడు. నాలుగు తీగల బాస్ పట్టుకున్నవాడికి మాత్రం దిగడానికి చోటు ఉండదు. ఇ స్ట్రింగ్ వదిలేసి మీటితే 41 హెర్ట్జ్. పాట ఇ నుంచి డి కి దిగితే కావలసింది దాదాపు 37 హెర్ట్జ్, అది నాలుగు తీగల్లో ఎక్కడా లేదు. పై ఆక్టేవ్‌లో ఉన్న డి వాయించి సర్దుకోవచ్చు గానీ పాట తేలిపోతుంది. ఐదు తీగలు కొన్నది ఇందుకే. బి స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో ఆ డి ఉంది. ఉండటం వేరు, మోగటం వేరు.

34 అంగుళాల స్కేల్ (నెక్ చివరి నట్ నుంచి కింది బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు) అనేది 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్‌కు పెట్టిన కొలత. అది నాలుగు తీగల కోసం పెట్టింది. ఐదో తీగ తర్వాత వచ్చి చేరింది, కొలత మాత్రం చాలా వాద్యాల్లో అదే ఉండిపోయింది. బి స్ట్రింగ్ మోగాల్సింది 31 హెర్ట్జ్ దగ్గర. అంత కిందికి దిగాలంటే తీగను వదులు చేయాలి, లేదా లావు చేయాలి. వదులు చేస్తే నవారు సాగిపోయిన మంచంలా అయిపోతుంది, ఊగడమే తప్ప నిలబడదు. లావు చేస్తే తీగ బిరుసెక్కి, దాని పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఉండాల్సిన చోటు కంటే పైకి జరుగుతాయి. ట్యూనర్‌లో ముల్లు మధ్యలోనే ఉన్నా చెవికి శ్రుతి తప్పినట్టు అనిపించేది అందుకే. ఇక మిగిలింది తీగను పొడవు చేయడం. పియానో మూత తెరిచి చూడండి, మంద్ర స్వరాల తీగలు పొడవుగా, తార స్వరాలవి పొట్టిగా ఉంటాయి. అదే లావు తీగను, అదే స్వరానికి, 34 బదులు 35 అంగుళాల మీద బిగిస్తే టెన్షన్ దాదాపు 6 శాతం పెరుగుతుంది. 37 అంగుళాల మీద అయితే 18 శాతం. అలాగని జి స్ట్రింగ్‌ను కూడా అంత పొడవు లాగితే అది కీచుమంటుంది, వేళ్లకూ దూరమవుతుంది. అందుకని బి కి ఎక్కువ పొడవు, జి కి తక్కువ పొడవు ఇచ్చి, మధ్యలో తీగలను వరసగా సర్దుతారు. అప్పుడు ఫ్రెట్లు ఏటవాలుగా పడక తప్పదు. కొత్తగా కనపడాలని వంకరగా కొట్టినవి కావు అవి.

ఇదంతా చదివి తెలుసుకోవడం ఒక ఎత్తు. నాకు నమ్మకం కలిగింది తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో, మే నెల ముహూర్తాల్లో. నా బాస్ జాక్ పాడై రిపేరులో ఉంది. చిత్తూరులో చర్చిలో వాయించే తమ్ముడు ఒకడు కొత్తగా ఐబానెజ్ కంపెనీ హెడ్‌లెస్ (నెక్ చివర తల లేని) మల్టీస్కేల్ కొన్నాడు. అడగ్గానే భుజాన వేసుకుని బస్సెక్కి తెచ్చి ఇచ్చాడు. సౌండ్ చెక్ చేసుకునే టైమెక్కడిది? మా దగ్గర సౌండ్ చెక్ అంటే "హలో, మైక్ టెస్టింగ్" అనడమే. నేరుగా స్టేజీ ఎక్కి తగిలించుకున్నాను.

మొదటి పాటలో కళ్లు నెక్ మీదే ఉన్నాయి. నీలం లైటు కింద ఫ్రెట్లన్నీ ఒక పక్కకు ఒరిగి కనపడుతుంటే చెయ్యి కాస్త జంకింది. నెక్ పై అంచున, మనకు కనపడే వైపు, చుక్కలు ఉంటాయి కదా, వాటినే నమ్ముకుని వాయించాను. రెండో పాట సగానికి వచ్చేసరికి కిందికి చూడటం మానేశాను. నాకు తెలియకుండానే మానేశాను. చేతికి తెలిసిపోయింది.

పది గంటలప్పుడు, భోజనాల బంతి లేచి జనం మళ్లీ కుర్చీల్లో సర్దుకుంటున్నారు. మా గాయకుడు మెలొడీ ఒకటి ఎత్తుకోబోతూ రెండు వేళ్లు కిందికి చూపించాడు, డి కి దించమని. కీబోర్డు అన్న బటన్ నొక్కాడు. నేను ఉంగరం వేలు బి స్ట్రింగ్ మూడో ఫ్రెట్ వెనక ఆనించి, కుడిచేతి చూపుడువేలితో నెక్ పికప్ దగ్గర మీటాను. నా పాత బాస్‌లో అక్కడ మొదట "టప్" అని తీగ ఫ్రెట్‌కు తగిలేది, తర్వాత కాసేపు అటూ ఇటూ ఊగి, స్వరం తేలేసరికి తాళం ముందుకు వెళ్లిపోయేది. ఈసారి మీటిన క్షణంలోనే డి వచ్చింది. ప్యాడ్స్ తమ్ముడి కిక్‌తో కలిసి పడింది, మళ్లీ నేను వేలు ఎత్తేదాకా కదలకుండా నిలబడింది. ప్యాడ్స్ తమ్ముడు తల తిప్పి నావైపు చూశాడు. స్టేజీ పలక నా అరికాలు కింద మోగుతోంది. ఆ పాటంతా నేను ఒక్క అలంకారం కూడా వెయ్యలేదు. ఆ స్వరాన్ని పట్టుకుని నిలబడితే చాలనిపించింది.

ప్రోగ్రాం అయ్యాక మిక్సర్ దగ్గరి అబ్బాయి కేబుల్ చుట్టుకుంటూ వచ్చి "ఏం మార్చినావన్నా? నేను ఈక్యూలో ఏమీ ముట్టుకోలేదే" అన్నాడు. రోజూ నా చానెల్‌లో కింది ఫ్రీక్వెన్సీలన్నీ కోసేసే మనిషి అతను. గుయ్యిమంటుంది, హాల్లో గోల అవుతుంది అని అతని భయం. అతన్ని తప్పు పట్టను. గుయ్యిమనే వాద్యం ఇస్తే ఎవరైనా కోస్తారు. కానీ అలా కోసి కోసి మా వైపు జనానికి బాస్ గిటార్ అనేది వినపడే వస్తువు అన్న సంగతే తెలియకుండా పోయింది. బాస్ అంటే ఊరేగింపులో డీజే బాక్సులు గుండె మీద కొట్టే దెబ్బ అనుకుంటున్నారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఆర్కెస్ట్రా మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగా తీసేసేది బాస్ గిటార్‌నే. "కీబోర్డులో ఎడమచేత్తో బాస్ వేస్తారంట కదా, ఇంకో మనిషి ఎందుకు" అంటారు. పది వేళ్లూ పాట మీద ఉండాల్సిన మనిషి ఐదు వేళ్లతో బాస్ కూడా మోస్తే ఆ బాస్‌లో ఏం ప్రాణం ఉంటుంది? తీగ జారడం, ఆగడం, వేలు ఎత్తినప్పుడు వచ్చే చిన్న నిశ్శబ్దం ఇవన్నీ కీ నొక్కితే రావు. నేర్చుకుందామన్నా దారి లేదు. వీణ, వయొలిన్, మృదంగం అంటే తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, చక్కగా నేర్పుతారు. బాస్ అంటే చెన్నై రైలెక్కాలి, లేదా ఫోన్‌లో వీడియోలు చూసుకోవాలి. ఈ పరిస్థితి మారాలంటే బాస్ వాయించేవాడి స్వరం ముందు మండపం చివరి వరసకు వినపడాలి. మంచి బి స్ట్రింగ్ కోసం డబ్బు పెట్టమని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

చేతి సంగతికి వస్తాను. 33–35 అంగుళాల స్కేల్ (జి తీగకు 33, బి తీగకు 35) తీసుకుంటే నట్ నుంచి మొదటి ఫ్రెట్ దూరం జి వైపు 47 మిల్లీమీటర్లు, బి వైపు 50. తేడా మూడు మిల్లీమీటర్లు! 34–37 స్కేల్‌లో కూడా ఆ తేడా నాలుగు దాటి కొంచెమే. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి వేళ్లు చాచి చూడండి, అవి ఒకదాని పక్కన ఒకటి నిటారుగా ఉండవు, విచ్చుకుని ఉంటాయి. కింది ఫ్రెట్ల దగ్గర మణికట్టుకు ఇదే హాయి. మధ్యలో ఒక ఫ్రెట్ మామూలుగా నిటారుగానే ఉంటుంది, డింగ్వాల్ అనే కంపెనీ బాస్‌ల్లో అది ఏడోది. అది దాటాక ఏటవాలు రెండో వైపుకు తిరుగుతుంది, పన్నెండు పైన బాస్ మీద కార్డ్స్ పట్టే అలవాటు ఉంటే కాస్త ఇబ్బంది. పెళ్లి పాటల్లో అక్కడికి వెళ్లే పని ఎంత ఉంటుంది చెప్పండి.

ధర గురించి. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు, 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆర్ఫేరియన్ అనే తీగ వాద్యానికే ఏటవాలు ఫ్రెట్లు ఉండేవి. మన కాలంలో అమెరికాలో రాల్ఫ్ నోవాక్ 1989లో దీని మీద పేటెంట్ తీసుకున్నాడు. కెనడాలోని సాస్కటూన్‌లో ఉన్న డింగ్వాల్ ఆయన దగ్గర అనుమతి తీసుకుని బాస్‌లు చేసింది. పేటెంట్ గడువు తీరాక పెద్ద కంపెనీలు దిగాయి, అప్పుడే ధర మనలాంటివాళ్లకు అందేంత దిగింది. డింగ్వాల్ కంబశ్చన్ చైనాలో తయారైనా మన చేతికి వచ్చేసరికి ధర చాలా ఎక్కువ. ఐబానెజ్ ఇహెచ్‌బి 1005 ఎంఎస్ 33–35 అంగుళాలు, తల లేని బాస్, బైక్ మీద వెళ్లేవాడికి, బస్సులో నిలబడేవాడికి అంతకంటే సుఖం లేదు. తల ఉన్నదే కావాలంటే అదే కంపెనీ ఎస్‌ఆర్‌ఎంఎస్ 805 ఉంది, అది 34–35.5. కార్ట్ వాళ్లు కూడా ఆర్టిసాన్ సిరీస్‌లో మల్టీస్కేల్ తెచ్చారు. మీ వేళ్లు పొట్టివైతే 33–35 తీసుకోండి. 37 కోసం ఆరాటపడొద్దు. ఒక అంగుళం పెరిగినా బి స్ట్రింగ్ మాట వింటుంది, నేను చెవులారా విన్నాను.

అయితే ఏది కొన్నా సెటప్ చేయించకుండా వాయించకండి. ఆ చిత్తూరు తమ్ముడి బాస్ చెన్నైలో ఒక షాపు నుంచి వచ్చినప్పుడు తీగలు నెక్‌కు ఎంత ఎత్తులో ఉన్నాయంటే, నొక్కితేనే స్వరం పైకి పోయేది. అంత డబ్బు తీసుకుని పెట్టెలోంచి తీసి చేతికిచ్చేశారు. అలెన్ కీ తీసుకుని అతనే కూర్చుని సరిచేసుకున్నాడు. చాలా మల్టీస్కేల్‌లలో ప్రతి తీగకూ బ్రిడ్జి విడిగా ఉంటుంది, పని సులువే. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కకుండా వేలు ఆనించి హార్మోనిక్ మీటి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. నొక్కింది ఎక్కువ శ్రుతి చూపిస్తే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే ముందుకు. మా తిరుపతి ఎండలకు నెక్ వంగుతుంది, వేసవికి ముందు ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) చూసుకోవాలి. కారు డిక్కీలో ఎండలో వదిలేసి భోజనానికి వెళ్లకండి.

స్ట్రింగ్స్ కొనేటప్పుడు టేపు పెట్టి కొలవండి. బాల్ (తీగ చివరి గుండు) దగ్గర నుంచి నట్ దాటేదాకా పూర్తి మందం ఉండాలి, తీగ సన్నబడే చోటు నట్ మీద పడిందంటే ఆ సెట్ పనికిరాదు. 37 అంగుళాల వాటికి ఈ చిక్కు ఎక్కువ. 35కు మామూలు లాంగ్ స్కేల్ సెట్లు చాలావరకు సరిపోతాయి, అయినా కొలవండి. మా ఊళ్లో ఐదు తీగల సెట్ అడిగితే గిటార్ సెట్ తీసి చూపిస్తారు, కాబట్టి చెన్నై వెళ్లినప్పుడే ఒకటి ఎక్కువ తెచ్చుకోండి.

షాపుకు మీ సొంత స్ట్రాప్ తీసుకెళ్లండి. స్టూలు మీద కూర్చుని కాకుండా నిలబడి, ఆంప్‌కు కలిపి వాయించండి. టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, బి స్ట్రింగ్ మూడో ఫ్రెట్ డి ని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి మీటండి. రెండుసార్లూ ఒకే స్వరం, ఊగకుండా రావాలి. తర్వాత పై ఆక్టేవ్ డి ని ఎ స్ట్రింగ్ ఐదో ఫ్రెట్‌లో వాయించి, రెండూ ఒకే వాద్యంలోంచి వచ్చినట్టు ఉన్నాయో లేదో వినండి. ఆంప్ పెట్టనివ్వం అన్నారంటే బేరం ఆడకుండా పక్క షాపుకు వెళ్లండి.