స్థానిక కమర్షియల్ రేడియో చరిత్ర: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా నగరంలోని ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ మీద డిగ్రీ ప్రాజెక్టు రాస్తున్నాను. అది ఎప్పుడు మొదలైందంటే తలా ఒక తేదీ చెబుతున్నారు. ఏది తీసుకోవాలి?

చెప్పినవాళ్లందరిదీ నిజమే కావచ్చు. ఒక స్టేషన్‌కి మొదలైన తేదీలు కనీసం నాలుగుంటాయి. ఫ్రీక్వెన్సీల వేలంలో గెలిచిన కంపెనీ కేంద్ర సమాచార, ప్రసార శాఖతో అనుమతి ఒప్పందం మీద సంతకం చేసిన రోజు ఒకటి. ఈ ఒప్పందాన్నే రేడియోవాళ్లు ‘గోపా’ అంటారు. వైర్‌లెస్ విభాగం ఆపరేటింగ్ లైసెన్సు ఇచ్చిన రోజు రెండోది. పాటలూ ఫ్రీక్వెన్సీ ప్రకటనా తప్ప మరేమీ లేని టెస్ట్ ప్రసారం మొదలైన రోజు మూడోది. హోర్డింగులు కట్టి, సినిమావాళ్లను పిలిచి ఆర్భాటంగా చేసిన ప్రారంభం నాలుగోది. శ్రోతలకు చివరి రెండూ గుర్తుంటాయి, ఆఫీసు పని చూసినవాళ్లు మొదటి రెండూ చెబుతారు. నాలుగూ రాయండి, ఏది దేని తేదీయో పక్కనే చెప్పండి.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త పడాలి. అనుమతి ఉండేది కంపెనీ పేరు మీద, జనం వినేది బ్రాండ్ పేరు. హైదరాబాద్‌లో 93.5 మీద మొదట వినిపించిన పేరు ఎస్ ఎఫ్‌ఎం, తర్వాత అది రెడ్ ఎఫ్‌ఎం అయింది. పాత పేపరు వార్తల్లో కొత్త పేరు కోసం వెతికితే ఏమీ దొరకదు.

కేంద్రం ప్రైవేటు ఎఫ్‌ఎం అనుమతులను విడతలుగా ఇచ్చింది. మీ స్టేషన్ ఏ విడతలో వచ్చిందో తేల్చుకుంటే సగం కథ అర్థమవుతుంది. మొదటి విడతలో, అంటే 1999 విధానంలో, లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేది, రాబడితో దానికి సంబంధం లేదు. వేలంలో గెలిచినవాళ్లలో చాలామంది స్టేషన్ పెట్టకుండానే తప్పుకున్నారు. ఆ విడతలో మొదట గొంతు విప్పింది బెంగళూరు రేడియో సిటీ, 2001 జూలై 3న. 2005లో, రెండో విడతలో, ప్రవేశ రుసుముతో పాటు రాబడిలో వాటా ఇచ్చే పద్ధతి వచ్చాకే వ్యాపారం నిలదొక్కుకుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్‌ఎం 2006 నుంచి వినిపించడం దీని ఫలితమే. మూడో విడత విధానం 2011లో వచ్చింది, వేలం 2015లో జరిగింది.

తేదీలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రైవేటు కంపెనీ ఆ చట్టం కిందికి రాదు కాబట్టి స్టేషన్‌కి కాదు, మంత్రిత్వ శాఖకు రాయాలి. ‘ఒప్పందం తేదీ, లైసెన్సు తేదీ, ప్రసారం ప్రారంభమైన తేదీ’ అని విడివిడిగా అడగండి. రాబడి లెక్కలు కూడా కలిపి అడిగితే వ్యాపార రహస్యమంటూ ఆ చట్టంలోని సెక్షన్ 8 చూపించి నిరాకరించే అవకాశం ఉంది, తేదీలు కూడా దానితో పాటే ఆగిపోతాయి.

ప్రశ్న: ప్రైవేటు ఎఫ్‌ఎంలు రాకముందు కమర్షియల్ రేడియో అనేదే లేదా?

ఉంది. స్థానిక చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దాన్నే. 1952లో కేస్కర్ సమాచార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గిపోయాయి. శ్రోతలు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ వైపు మళ్లారు, వాళ్ల వెంటే ప్రకటనలిచ్చేవాళ్లూ వెళ్లారు. దానికి జవాబుగా 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పుట్టింది. 1967 నవంబర్ 1న బొంబాయి, పుణె, నాగ్‌పూర్‌లలో ప్రకటనలు మొదలయ్యాయి, ఆ తర్వాత మిగతా నగరాలకు పాకాయి. హైదరాబాద్, విజయవాడల్లో ఆకాశవాణి ప్రకటనల విభాగమైన కమర్షియల్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్ కేంద్రాలు దశాబ్దాల పాటు ఊళ్లోని బట్టల దుకాణాలకు, సినిమా హాళ్లకు గొంతునిచ్చాయి. 1993లో ఆకాశవాణి తన ఎఫ్‌ఎం సమయాన్ని ప్రైవేటువాళ్లకు గంటల లెక్కన అమ్మడం మొదలుపెట్టింది. 1995 ఫిబ్రవరిలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది.

ఆకాశవాణి కమర్షియల్ కేంద్రాల చరిత్రకు నమ్మదగ్గ కాగితం క్యూషీట్, అంటే ఆ రోజు ప్రసారాల పట్టిక. అందులో ఒక్కో వరుస చూడండి: గంట, నిమిషం, సెకను, అంశం, టేపు నంబరు, నిడివి, పక్కన డ్యూటీలో ఉన్నవారి సంతకం. పది సెకన్ల సబ్బు ప్రకటన వెళ్లకపోతే ఆ వరుస పక్కన కారణం రాసి ఉంటుంది: టేపు తెగింది, కరెంటు పోయింది, ఢిల్లీ రిలే ఆలస్యమైంది. వెళ్లని ప్రకటనకు బిల్లు వేయకూడదు కాబట్టి అక్కడ ఎవరూ ఊహించి రాయరు. సావనీర్లలో, సన్మాన పత్రాల్లో కనపడే గొప్పల కంటే ఈ షీట్ల కట్ట ఎంతో విలువైంది. ఏ ఏడాది ఏ దుకాణాలు ప్రకటనలిచ్చాయి, ఏ గంటకు గిరాకీ ఎక్కువ, ఏ కార్యక్రమాన్ని ఎందుకు ఆపేశారు అనేవన్నీ వాటిలోంచి తేలతాయి. ఆడిట్ ముగిశాక ఇవి చిత్తుకాగితాల్లోకి వెళ్లిపోతాయి, అందుకే ముందు వీటి కోసం వెళ్లండి. ప్రైవేటు స్టేషన్లలో ఇదే పని చేసేది ట్రాఫిక్ విభాగం (ఏ ప్రకటన ఎప్పుడు వెళ్లాలో చూసేవాళ్లు) రాసే ప్రకటనల లాగ్. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత లాగ్‌లు పోతుంటాయి. కాబట్టి ఎక్సెల్‌లోకో కనీసం పీడీఎఫ్‌లోకో తీయించి ఇమ్మని అడగండి.

ప్రశ్న: ఎఫ్‌ఎంలో వార్తలు ఎందుకు చెప్పరు?

సొంతంగా వార్తలు చెప్పే వీలు అనుమతి షరతుల్లోనే లేదు. మూడో విడత నుంచి ఆకాశవాణి బులెటిన్‌ను ఒక్క ముక్క మార్చకుండా వినిపించవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల ఫలితాలు, ఆటల కామెంటరీ వంటివి వార్తల కిందికి రావు. మీ స్టేషన్ వరదల రాత్రి ఊరికి సాయపడిందని ఎవరైనా చెబితే, అప్పుడు చదివింది ఈ కోవలోని సమాచారమేనా అని తప్పక అడగండి.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన ఒక అనౌన్సర్ ఇంట్లో ఇరవై స్పూళ్లు (టేపు చుట్టిన చక్రాలు), ఒక పెట్టెడు క్యాసెట్లు దొరికాయి. ఒక స్పూలు వెనిగర్ వాసన వేస్తోంది. కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?

ముందు దేన్నీ ప్లే చేయకండి. వెనిగర్ వాసన వేసేది అసిటేట్ టేపు. స్పూలును పక్కనుంచి వెలుతురుకు పట్టి చూస్తే కాంతి దిగుతుంది. దాన్ని మిగతావాటికి దూరంగా, గాలి తగిలే చోట పెట్టండి, ఎందుకంటే ఆ ఆమ్లపు ఆవిరి పక్క టేపులనూ పాడుచేస్తుంది. వెలుతురు దిగనిది పాలియెస్టర్. తెల్లటి బూజు కనపడితే ఎన్95 మాస్కు వేసుకోండి, శుభ్రం చేయించేదాకా మెషిన్ ఎక్కించకండి. ఆ బూజు మెషిన్‌లో టేపును చదివే హెడ్‌కి అంటి తర్వాతి టేపులన్నిటికీ పాకుతుంది.

పాలియెస్టర్ టేపు కీచుమంటూ ఆగి ఆగి తిరిగి, హెడ్ మీద గోధుమరంగు జిగురు వదిలితే వెంటనే ఆపేయండి. 1970ల నుంచి వచ్చిన కొన్ని టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు తేమను పీల్చుకుంటుంది. లాబుల్లో వీటిని దాదాపు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలో అంతకంటే ఎక్కువో వేడిచేసి, ఆ తర్వాతే ప్లే చేస్తారు. వంటింటి ఒవెన్‌లో ఉష్ణోగ్రత నిలకడగా ఉండదు, ఆ ప్రయత్నం వద్దు. అసిటేట్ టేపునైతే ఎవరూ ఎక్కడా వేడిచేయకూడదు.

బాగున్న స్పూళ్లను సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో మొదలుపెట్టండి. 1200 అడుగుల స్పూలు ఆ వేగంలో 32 నిమిషాలు వస్తుంది. గొంతు బరువుగా సాగుతూ వినపడితే రికార్డు చేసింది 38 సెంటీమీటర్ల వేగంలో అన్నమాట. మాటలు వెనక్కి వినిపిస్తే ముందు రీవైండ్ చేసి చూడండి. అయస్కాంత ముద్ర పక్క చుట్టు మీద పడినా మాటకు ముందుగా వినపడకూడదని, టేపు చివర బయటికుండేలా చుట్టి దాచడం రేడియోవాళ్ల పద్ధతి.

క్యాసెట్ల వెనకంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలూ విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా చెరిగిపోదు. టేపు వెనక ఉండే స్పాంజి మెత్త ఊడితే శబ్దం మసకబారుతుంది. అప్పుడు అయిదు స్క్రూల కొత్త డొక్కులోకి టేపును మార్చాలి. రెండు గంటల సీ-120 క్యాసెట్‌లో టేపు చాలా పలచన, ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తే చిక్కుపడుతుంది. ప్రతి క్యాసెట్‌కీ ‘స, ష’లు స్పష్టంగా వినపడేదాకా హెడ్ పక్క స్క్రూను మెల్లగా తిప్పి సరిచేయండి. క్యాసెట్ మారిన ప్రతిసారీ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

రికార్డింగ్ 24 బిట్, 48 లేదా 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా చేయండి. 48లో మోనో అయితే గంటకు దాదాపు 520 మెగాబైట్లు పడుతుంది. శబ్దం అత్యధికంగా ఉన్నచోట మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. గరగర తీసేయడం, వాల్యూమ్ పెంచడం కాపీ మీదే చేయాలి, అసలు ఫైలును ముట్టుకోవద్దు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం: పాటలు ఉంచుకుని ప్రకటనలు, అనౌన్స్‌మెంట్లు కత్తిరించే పని చేయకండి. ఆ పాటలు వంద చోట్ల దొరుకుతాయి. మీ ఊరి దుకాణం జింగిల్, ‘సమయం ఏడు గంటల ముప్పై నిమిషాలు’ అన్న ఆ గొంతు మరెక్కడా ఉండవు. పైగా టేపు తేదీ పట్టిచ్చేది కూడా అవే. ప్రకటనలోని ఫోన్ నంబరుకు ఎన్ని అంకెలున్నాయి, ఏ సినిమాను ‘నేడే విడుదల’ అన్నారు అని చూస్తే ఏడాది తేలుతుంది, ఒక్కోసారి వారం కూడా.

ప్రశ్న: వీటిని ఇంటర్నెట్‌లో పెట్టవచ్చా?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం స్టేషన్‌కి తన ప్రసారం మీద హక్కు 25 ఏళ్లు. ప్రసారమైన మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్క. 1998లో ప్రసారమైనదాని మీద ఆ హక్కు 2023తో ముగిసింది. కానీ మధ్యలో వచ్చే పాట రికార్డు హక్కు వేరు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. నాటకం, కథ వంటివాటికి రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లు. కాబట్టి పూర్తి ఫైలును మీ దగ్గరా, ఒక లైబ్రరీలోనూ దాచండి. బయట పెట్టేటప్పుడు పాట వచ్చిన చోట దాని మొదటి మాటలు, నిడివి రాసి, అనౌన్సర్ గొంతు వరకే వినిపించండి. ప్రకటనలకూ రాసినవాళ్లు, పాడినవాళ్లు ఉంటారు. తెలిసినవారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఫైలుతో పాటే ఉంచండి.