వయొలినా, వయోలానా, చెల్లోనా?

ప్రశ్న: మేముండేది కూకట్‌పల్లిలో. పాప మూడో తరగతి. వాళ్ల స్కూల్లో ఈ ఏడాది స్ట్రింగ్ ఆర్కెస్ట్రా (తీగ వాయిద్యాల బృందం) మొదలుపెడుతున్నారు. వయొలిన్, దానికన్నా కొంచెం పెద్దదైన వయోలా, కూర్చుని మోకాళ్ల మధ్య పట్టుకుని వాయించే పెద్ద చెల్లో, అన్నిటికన్నా పెద్దదైన డబుల్ బేస్‌లలో ఏదో ఒకటి పది రోజుల్లో చెప్పమన్నారు. పాప చెల్లో అంటోంది. మావారేమో వయోలా అయితే పోటీ తక్కువ, కెరీర్‌కి మంచిది అంటున్నారు. మా అత్తగారిది విజయనగరం, ఆవిడ కర్ణాటక పద్ధతిలో వయొలినే నేర్పించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, రోజూ పావుగంట దాంతో కూర్చోవాల్సింది పాప కాబట్టి ముందు తన మాటే చూద్దాం. చెల్లో ఎందుకు కావాలంటోంది? స్నేహితురాలు తీసుకుందనా, దాని గొంతు నచ్చిందనా? ఒక సాయంత్రం నాలుగింటినీ పేర్లు చెప్పకుండా, బొమ్మ చూపించకుండా విడివిడిగా వినిపించండి. రెండు రోజులాగి వరస మార్చి మళ్లీ వినిపించండి. రెండుసార్లూ చెల్లో దగ్గరే ఆగిందంటే అది ఉబలాటం కాదు, నిజంగా ఇష్టమే.

మీవారు చెప్పినట్టు వయోలా వాయించేవాళ్లు తక్కువే. కానీ ఆ లెక్క ఎనిమిదేళ్ల పిల్లకి పెట్టాల్సింది కాదు. వయొలిన్ తీగలు పలికే స్వరాలు పాశ్చాత్య పేర్లలో జి, డి, ఎ, ఇ. వయోలావి సి, జి, డి, ఎ. అంటే మూడు తీగలు రెండింటికీ ఒకటే. వయొలిన్ బాగా వచ్చినవాళ్లు తర్వాత వయోలాకి మారడం మామూలే. కొంచెం పెద్ద వాయిద్యానికి చెయ్యి అలవాటుపడాలి, వయోలాకి స్వరాలు రాసే ఆల్టో క్లెఫ్ అనే పద్ధతి చదవడం నేర్చుకోవాలి, అంతే. ఇక కెరీర్ అంటారా, వృత్తి కళాకారుల సింఫనీ ఆర్కెస్ట్రా అనగానే మన దేశంలో ముందు గుర్తొచ్చేది 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. అందులో కుర్చీ కోసం ఇప్పట్నుంచే వాయిద్యం ఎంచడం తొందరపాటు. తొమ్మిదో తరగతికి వచ్చాక కూడా పాప ఇష్టంగా వాయిస్తుంటే, ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎమ్ అనే పాశ్చాత్య సంగీత పరీక్షల్లో గ్రేడ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి అప్పుడు మాట్లాడుకుందాం.

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యం సైజు. "ఎదిగే పిల్లే కదా" అని ఫుల్ సైజు వయొలిన్ కొనేసిన కుటుంబాన్ని చూశాను. నాలుగు నెలలకే బాబు భుజం నొప్పని దాన్ని మూలన పెట్టేశాడు. ఎనిమిదేళ్ల వాళ్లకి సాధారణంగా పావు లేదా అర సైజు సరిపోతుంది. వయొలిన్ భుజం మీద పెట్టి ఎడమ చెయ్యి చాచమనండి. చివరనున్న చుట్ట మణికట్టు, అరచేతి మధ్యలోకి రావాలి. మోచెయ్యి కాస్త వంగి, వేళ్లు ఆ చుట్టని సులువుగా పట్టుకోవాలి. చెల్లో అయితే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టండి. పెట్టె పైఅంచు ఛాతీ మధ్యకి తగలాలి, మోకాళ్లు దాన్ని ఇబ్బంది లేకుండా పట్టుకోవాలి. ఈ పరీక్ష టీచర్ ఎదురుగా చెయ్యండి. పిల్లలు ఒకట్రెండేళ్లలో సైజు మారిపోతారు కాబట్టి అద్దెకి దొరికితే కొనకండి. మే నెల ఎండలో కారులో మాత్రం వదిలెయ్యకండి, జిగురు ఊడి పెట్టె అతుకులు విడిపోతాయి. వాయించడం అయ్యాక కమాను వెంట్రుకలు వదులు చెయ్యడం మొదటి రోజే నేర్పించండి.

అత్తగారి కోరిక నాకు చాలా నచ్చింది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు వాళ్లది! కాకపోతే కర్ణాటక పద్ధతిలో నేల మీద కూర్చుని, చుట్టని పాదానికి ఆనించి, తీగల్ని స-ప-స-పలకి శ్రుతి చేసి వాయిస్తారు. ఆర్కెస్ట్రాలో పట్టూ వేరు, శ్రుతీ వేరు. మొదటి ఏడాది రెండూ కలిపితే పిల్ల తికమకపడుతుంది. ఈ ఏడాదికి అత్తగారి దగ్గర సరళీ స్వరాలు నోటితో పాడించండి. ఆ చెవి ఏ వాయిద్యానికైనా పనికొస్తుంది.

ఇక స్కూలువాళ్లని ఒక్కటే అడగండి: చెల్లో స్కూల్లోనే ఉంచి, ఇంట్లో సాధనకి ఇంకోటి అద్దెకి ఇప్పించగలరా? ఆ పెట్టెని రోజూ స్కూల్ బస్సు ఎక్కించడం అయ్యే పని కాదు. వాళ్లు సరే అంటే చెల్లోకే పేరివ్వండి. కుదరదంటే వయొలిన్‌తో మొదలుపెట్టండి. కానీ ఎందుకు కుదరలేదో పాపని పక్కన కూర్చోబెట్టుకుని మీరే ముందు చెప్పండి, ఆ సంగతి తనకి స్కూల్లో ఎవరో చెప్తే తెలిసేలా చెయ్యకండి.