దొంగ ఓట్లు నిజంగా అంత పెద్ద సమస్యా? నా ఓటు ముందే ఎవరో వేసేసి ఉంటే ఏం చేయాలి?

సమస్య ఉంది. అయితే అందరూ భయపడే చోట కంటే, ఎవరూ పట్టించుకోని చోట ఎక్కువ ఉంది.

బూత్‌లో ఇంకొకరి పేరుతో ఓటు వేయడం అంత తేలిక కాదు. పోలింగ్ ఏజెంట్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే, ముఖాలు తెలిసినవాళ్లే. అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి అక్కడికక్కడే అభ్యంతరం చెప్పవచ్చు. దొరికితే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

అయినా మీ ఓటు పడిపోయిందని అధికారి చెబితే దయచేసి వెనక్కి రాకండి. టెండర్ ఓటు అడగండి. మీరెవరో నిర్ధారించుకున్నాక ప్రిసైడింగ్ అధికారి మీ సంతకం తీసుకుని కాగితపు బ్యాలెట్ ఇస్తారు. మీరు ముద్ర వేశాక దాన్ని విడిగా కవరులో భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కోర్టు అడిగితేనే బయటికి వస్తుంది. మరి ఎందుకంటారా? 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఓడింది ఒక్క ఓటుతో. అలాంటి చోట ఆ కవరే సాక్ష్యం.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఓటర్ల జాబితా. చనిపోయినవారి పేర్లు అలాగే ఉంటాయి, బతికున్నవారివి మాయమవుతాయి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు తొలగించమంటూ ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. తమ పేరిట ఎవరు పెట్టారో తెలియక జనం విస్తుపోయారు, పోలీసు కేసులూ నమోదయ్యాయి. పేరే లేకపోతే టెండర్ ఓటు కూడా దక్కదు. కాబట్టి ముసాయిదా జాబితా వచ్చిన రోజే మీ పేరు, ఇంట్లో పెద్దవాళ్ల పేర్లు చూసుకోండి. లేకపోతే పేరు చేర్చమని వెంటనే ఫారం-6 పెట్టండి.