క్యాంపింగ్ టార్చ్ చేసుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది

క్యాంపింగ్ కోసం సొంతంగా రీఛార్జబుల్ టార్చ్ తయారు చేసుకుందామనుకుంటున్నాను, ఎన్ని ల్యూమెన్స్ (వెలుతురు కొలత) ఉంటే సరిపోతుంది అని అడిగారు. తప్పకుండా చేసుకోండి. ల్యూమెన్స్ సంగతి తర్వాత చూద్దాం. నా మాట వింటే, ఆ టార్చ్ ఎంత తక్కువగా వెలగగలదో ముందు తేల్చుకోండి.

పాడేరు దగ్గర వంజంగి తెలుసుగా. మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే చీకట్లో కొండెక్కాలి. మేం వెళ్లిన రోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చెయ్యి చాపితే వేళ్లు మసకేశాయి. మా బావ కొత్త హెడ్‌ల్యాంప్ తలకి కట్టుకుని ఫుల్‌లో వేశాడు. అంతే, ఎదురుగా తెల్లగోడ! అడుగు ఎక్కడ వెయ్యాలో తెలీక నిలబడిపోయాడు. మంచు బిందువులు వెలుతురును వెనక్కి కొడతాయి. దీపం కళ్ల పక్కనే ఉంటే అదంతా తిరిగొచ్చి కంట్లోనే పడుతుంది. పొగమంచులో కారు హైబీమ్ వేస్తే రోడ్డు మాయమయ్యేది ఇందుకే.

నా టార్చ్‌ని బాగా తగ్గించి, మోకాలి ఎత్తున పట్టుకుని, ఏటవాలుగా నేలమీద వేశాను. ప్రతి రాయికీ పక్కన నీడ పడింది. నీడ పడితేనే రాయి ఎత్తెంతో, గుంట లోతెంతో తెలిసేది. తడి మట్టిలో ముందు వెళ్లినవాళ్ల చెప్పులు జారిన గీతలు కూడా కనిపించాయి. "బావా, అది తలమీంచి తీసి చేత్తో కిందకి పట్టుకో, వెలుతురు తగ్గించు" అన్నాను. తీశాడు. "ఒరేయ్, ఇప్పుడు కనపడుతోందిరా దారి!" అంటూ కదిలాడు.

కాబట్టి ఎల్ఈడీకి వెళ్లే కరెంటును అదుపు చేసే డ్రైవర్ సర్క్యూట్ ఎంచుకునేటప్పుడు అట్టడుగు స్థాయి ఎంతో చూడండి. నేను 7135 చిప్‌లు నాలుగున్న డ్రైవర్ వాడాను. ఒక్కో చిప్ 350 మిల్లీఆంప్స్ ఇస్తుంది, నాలుగూ కలిస్తే 1.4 ఆంప్స్. 3000 ఎంఏహెచ్ (మిల్లీఆంప్ అవర్స్, అంటే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) లిథియం అయాన్ సెల్‌తో ఫుల్‌లో రెండు గంటలు వస్తుంది. అదే 30 మిల్లీఆంప్స్‌కి దించితే లెక్క ప్రకారం వంద గంటలు! టెంట్‌లో బ్యాగు సర్దుకోవడానికి, రాత్రి లేచి చెప్పులు వెతుక్కోవడానికి ఆ కాస్త చాలు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది. ఎవరో ఒకరు ముఖం మీద ఫుల్ లైటు కొడితే ఆ అరగంటా గంగలో కలిసినట్టే. పక్క టెంట్లవాళ్ల మీద ఊరికే లైట్లు తిప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది.

ఎల్ఈడీ 4000 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) లేదా అంతకన్నా తక్కువది తీసుకోండి. 6500 కెల్విన్‌లో నీలం రంగు వాటా ఎక్కువ, దానికి పురుగులూ ఎక్కువే వస్తాయి. అన్నం పళ్లెంలో పడ్డాక గానీ ఈ తేడా విలువ తెలీదు.

బాడీకి అల్యూమినియం పైపే. పీవీసీ పైపులో పవర్ ఎల్ఈడీ బిగించి "ఇంట్లోనే సూపర్ టార్చ్" అని వీడియోలు పెడతారే, వాటిని నమ్మకండి. ఎల్ఈడీకిచ్చిన కరెంటులో చాలా భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే వెలుతురు తగ్గిపోతుంది, ఎల్ఈడీ ఆయుష్షూ తగ్గుతుంది. ఎల్ఈడీని రాగి ప్లేటు మీదున్నది కొని, కింద వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ రాసి, పైపుకి గట్టిగా తగిలేలా బిగించండి. హైదరాబాద్‌లో ఉంటే విడిభాగాలకి కోఠి గుజరాతీ గల్లీ, లేత్ పనికి బాలానగర్. సెల్ మందం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. ఆ సెల్ చేతికిచ్చి "అన్నా, ఇది వదులు లేకుండా దూరాలి" అంటే చాలు, వాళ్లకి డ్రాయింగ్ కూడా అక్కర్లేదు.

సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే అక్కడే వదిలెయ్యండి. ఆ సైజులో 3500 వచ్చిందంటేనే చాలా గొప్ప. తూకం వేసి చూడండి: అసలుది 45 గ్రాములకి అటూఇటూ ఉంటుంది, మరీ తేలిగ్గా ఉందంటే అనుమానించాల్సిందే. సెల్‌కి నేరుగా సోల్డరింగ్ పెట్టొద్దు, స్ప్రింగులు వాడండి, పాడైతే తీసి మార్చుకోవచ్చు. సెల్‌ని లోపల అతికించేసి అమ్మే టార్చ్‌లంటే నాకు అందుకే గిట్టదు. రెండేళ్లకి సెల్ పోతే బంగారంలాంటి బాడీ చెత్తబుట్టలోకే.

ఛార్జింగ్‌కి టీపీ4056 అనే చిన్న ఛార్జర్ బోర్డు చాలు, 4.2 వోల్టుల దగ్గర అదే ఆపేస్తుంది. కానీ ప్రొటెక్షన్ చిప్ కూడా ఉన్న రకమే అడగండి, లేకపోతే సెల్ పూర్తిగా పీల్చుకుపోయేదాకా టార్చ్ వెలుగుతూనే ఉంటుంది. ఛార్జింగ్ పోర్ట్ కోసం బాడీకి బయట రంధ్రం పెట్టకండి, వానకి నీళ్లు ముందు దూరేది అక్కడే. వెనక మూత విప్పితే కనిపించేలా లోపల పెట్టి, ఆ మూత మరలకి ఓ-రింగ్ (రబ్బరు రింగు) వేసి సిలికాన్ గ్రీజు రాయండి.