మాటలు రాకపోవడానికి లైమ్ వ్యాధి కారణమా?

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు. పిలిస్తే పలకడు, మాటలు రాలేదు. డాక్టరుగారు ఆటిజం అన్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు గోమారు కాటుతో వచ్చే లైమ్ వ్యాధి అనే బ్యాక్టీరియా జబ్బు వల్ల కూడా ఇలా అవుతుందని చెబితే రక్తపరీక్ష చేయించాం. ఐజీఎమ్ అనే యాంటీబాడీ ఒక్కటే పాజిటివ్ వచ్చింది. ఆరు నెలలు యాంటీబయాటిక్ వాడమంటున్నారు. మా కుక్కకి గోమార్లు ఉన్న మాట నిజమే. మందు మొదలుపెట్టమంటారా?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: వద్దమ్మా, మొదలుపెట్టకండి. లైమ్ వల్ల ఆటిజం వస్తుందనడానికి ఆధారం లేదు. అమెరికాలోనే 70 మంది ఆటిజం పిల్లల రక్తాన్ని, ఆటిజం లేని 50 మంది రక్తాన్ని పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. రెండంచెల పరీక్షలో ఒక్కరికీ లైమ్ తేలలేదు. ఎదుగుదల సమస్యలున్న పిల్లలకి మామూలుగా ఈ పరీక్ష చేయించవద్దని అక్కడి వైద్య సంఘాలు 2020లో సూచించాయి కూడా.

మరి పాజిటివ్ ఎలా వచ్చింది? ఈ పరీక్షకి రెండంచెలు: మొదట ఎలైసా అనే రక్తపరీక్ష, అందులో పాజిటివో అనుమానమో వస్తే నిర్ధారణకి వెస్టర్న్ బ్లాట్ అనే రెండో పరీక్ష చేయాలి. ఐజీఎమ్‌కి విలువ జబ్బు మొదలైన తొలి నెలలోనే. నెలలు గడిచినా, తర్వాత పుట్టాల్సిన ఐజీజీ అనే యాంటీబాడీ రాకుండా ఐజీఎమ్ ఒక్కటే కనబడితే అది దాదాపు తప్పుడు పాజిటివే. వేరే ఇన్‌ఫెక్షన్లకు పుట్టిన యాంటీబాడీలు కూడా అలా చూపిస్తాయి. ఇక మీ కుక్క సంగతి. మన ఊళ్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారు లైమ్‌ను మోసుకురాదు. దాన్ని మోసేది ఇక్సోడిస్ అనే వేరే జాతి. కుక్కకి మాత్రం పశువైద్యుడి చేత మందు వేయించండి.

నిజంగా లైమ్ ఉన్న పిల్లలకైనా మందు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు. ఆరు నెలలు వాడితే తీవ్రమైన విరేచనాలు పట్టుకోవచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కిస్తే పిత్తాశయంలో రాళ్లలాంటివి పేరుకోవచ్చు, సూది గొట్టం దగ్గర ఇన్‌ఫెక్షన్ రావచ్చు. వీటన్నిటికంటే పెద్ద నష్టం, థెరపీకి పనికొచ్చే ఆరు నెలలు చేజారడం.

ముందు బెరా పరీక్షతో వినికిడి చూపించండి. టీవీ పాటకి తిరిగి చూస్తున్నాడు కదా అని ఇది వదిలేయకండి, కొన్ని స్వరాలు మాత్రమే వినబడని పిల్లలు ఉంటారు. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల విభాగానికి వెళ్లి జిల్లా సత్వర చికిత్స కేంద్రం ఎక్కడో అడగండి.

థెరపీ వారానికి కొన్ని గంటలే, మిగతాదంతా మీ చేతుల్లోనే. నీళ్ల కోసం మీ చెయ్యి పట్టి లాగితే గ్లాసు మీ ముఖం పక్కన పెట్టి 'నీళ్లు' అని ఒక్క మాట అనండి. ఐదు సెకన్లు ఆగండి. మీ కళ్లలోకి చూసినా, వేలు చూపినా, ఏదో శబ్దం చేసినా వెంటనే ఇచ్చేయండి. అనేదాకా ఇవ్వనని పట్టుబడితే ఏడుపే మిగులుతుంది. రోజూ అన్నం దగ్గర, స్నానం దగ్గర ఇదే పద్ధతి. ఇంట్లో నాయనమ్మ, తాతయ్య ఉంటే వాళ్లూ ఇదే మాట వాడాలి.

వచ్చిన మాటలు ఉన్నట్టుండి పోయినా, కళ్లు నిలిచిపోయి కాసేపు పలకకపోయినా, ఫిట్స్ అనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల నరాల వైద్యుణ్ణి కలిసి ఈఈజీ అనే మెదడు తరంగాల పరీక్ష తీయించండి.